రెండో బొంద

నా చిన్నప్పుడు మా వాడలో ఎవరు కన్నుమూసినా కబురు ముందు మా తాతకు వచ్చేది, పాస్టరయ్యకు ఆ తర్వాతే. గద్వాల దగ్గరి గట్టు ఊరి చుట్టుపక్కల పల్లెల్లో బొంద తవ్వడంలో మా తాతను మించిన చెయ్యి లేదని పేరు. బొంద అంటే మా వైపు సమాధి గుంత. మా నేల పైన మూరెడు ఎర్రమట్టి, కింద గడ్డపారను కూడా వెనక్కి తన్నే మొరం. ఆ మొరంలో ఆయన తవ్విన గుంతకు నాలుగు వైపులా గోడలు గీత గీసినట్టు నిలబడేవి. ఆయన దగ్గర ముడులు వేసిన గోగునార తాడు ఒకటుండేది. చనిపోయిన మనిషిని తల నుంచి మడమ దాకా ఆ తాడుతో కొలిచి, జానెడు కలిపి తవ్వేవాడు. తల పడమటికి, కాళ్లు తూర్పుకు. ఆఖరి దినాన లేచి కూర్చుంటే ఎదురుగా పొద్దు కనబడాలి కదా అనేవాడు.

మేము క్రైస్తవులం. మా తాత వాళ్ల నాయన కాలంలో ప్రభువును నమ్ముకున్న ఇళ్లు మా వాడలో ఇరవై దాకా ఉండేవి. నమ్మకం మారినా ఊరి భయాలు కొన్ని మా వెంటే వచ్చాయి. తవ్విన బొందను ఖాళీగా వదలకూడదనేది వాటిలో ఒకటి. ఖాళీ బొంద ఇంకొకరిని అడుగుతుందని, తవ్వేవాళ్లు తప్ప బతికున్న మనిషి అందులో దిగితే ఆ ఇంట్లో మళ్లీ చావు వస్తుందని మా అవ్వలు చెప్పేవాళ్లు. ప్రతి ఈస్టరుకూ చర్చిలో గొంతులు చించుకుని పాడేది ప్రభువు సమాధి ఖాళీగా ఉందని. బయటికొస్తే ఖాళీ గుంత చూసి నాలుగడుగులు పక్కకు జరిగేది. మా తాత ఈ మాట అని నవ్వేవాడు. ఆయన నవ్వితే మా అవ్వలకు కోపం వచ్చేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వరుసగా వానలు తప్పిన కాలం అది. నాకు పదేళ్లు. మా చేను, మా మామ చేను పక్కపక్కనే. మామ అంటే మా తాతకు సొంత చెల్లెలి కొడుకు, మా నాయనకు బావ. ఆ చెల్లెలు అప్పటికే చనిపోయి మా బొందల గడ్డలోనే ఉంది. మామ తన చేనులో మూడు చోట్ల బోరు వేస్తే మూడింటా దుమ్మే లేచింది. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, చేను గట్టుకు ఇవతల వేస్తే రెండించుల నీళ్లు పడ్డాయి. అందరం మనవాళ్లమే కదా అని తాత వంతు పెట్టాడు. నాలుగు రోజులు మా పల్లిచేనుకు, ఒక రోజు మామ పల్లిచేనుకు. వంతు తప్పొద్దని ఇద్దరి చేతా చర్చి మెట్ల మీద మాట తీసుకున్నాడు.

వంతు బాగానే ఉంది, కరెంటు వంతు మాత్రం ఎవరి చేతిలో ఉంది. ఆ వారం మా రోజుల్లో కరెంటు రానే లేదు. మామ రోజున వచ్చింది. మా చిన్నాయన పరుగెత్తిపోయి నీళ్లు మా చేనుకు మళ్లించాడు. తప్పు మా చిన్నాయనదే, ఇన్నేళ్లకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు వస్తోంది. నేను సద్ది గిన్నె పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాను. మామ వచ్చి కాలువ తెగ్గొట్టి తన చేనుకు మళ్లించాడు. చిన్నాయన దాన్ని మట్టితో పూడ్చి, పూడ్చిన మట్టి మీద నిలబడి నవ్వాడు. ఆయన అన్నిటికీ నవ్వే మనిషి. ఆ నవ్వు ఆ రోజు నవ్వకుండా ఉంటే బాగుండేది.

మామ చేతిలో పార ఉంది. "నా పిల్లలు మన్ను తినాల్నారా" అని మాత్రం అన్నాడు. మొదటి దెబ్బకు ఎండిన మట్టిపెడ్డ పగిలిన చప్పుడయింది. చిన్నాయన మోకాళ్ల మీద కూలబడి, తల పట్టుకుని, నా వైపు చూశాడు. చెవి మీద నుంచి నెత్తురు చొక్కా కాలరులోకి దిగుతోంది. అప్పటికి ఆగి ఉంటే బతికేవాడని తరువాత గద్వాల దవాఖానలో అన్నారట. మామ ఆగలేదు. రెండో దెబ్బ అడ్డంగా మెడ మీద పడింది. చిన్నాయన ముఖం కాలువలో పడింది, బురద ఎర్రగా తిరిగింది. మూడో దెబ్బ ఎత్తి, నన్ను చూసి, పార అక్కడే పడేసి మామ చేలకడ్డంగా పరుగెత్తాడు. నేను అరవలేదు. గిన్నె దించలేదు. పూడ్చిన మట్టి తెగిపోయి, కరెంటు పోయేదాకా ఆ నీళ్లు మామ పల్లిచేనుకే పారాయి, ఆపాలని ఎవరికీ తోచలేదు.

మామ ఆ పూటే కర్ణాటక సరిహద్దు దాటి రాయచూరు వైపు పోయాడని తెలిసింది. మా నాయనకు మనిషి దొరకలేదు, ఇల్లు దొరికింది. గొడ్డలితో తలుపు చీల్చి లోపలికి పోయాడు. కుండలు, గంపలు, మంచం, దండెం మీది బట్టలు, ఏదీ వదలలేదు. మామ భార్య పిల్లల్ని చంకనేసుకుని వెనక దారిన చర్చిలోకి ఉరికింది. వాళ్ల గడ్డివాముకు నాయన నిప్పు పెట్టాడు. అడ్డం పోయిన మా అమ్మను విసిరికొడితే గుమ్మానికి తగిలి పెదవి పగిలింది. అప్పటి దాకా మా నాయన నన్ను గానీ అమ్మను గానీ ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. ఆ సాయంత్రం ఆయన ముఖం చూస్తే మా ఇంట్లోకి ఎవరో పరాయి మనిషి వచ్చినట్టు ఉంది. నిజం చెప్పాలంటే నాకు మాత్రం ఆ మనిషే కావాలనిపించింది. గడ్డివాము మండుతుంటే నాకు కడుపు చల్లబడింది.

మరునాడు శవాన్ని గద్వాల నుంచి తెచ్చేసరికి పొద్దు వాలుతోంది. మా వాడలో కన్నతండ్రి కొడుక్కు బొంద తవ్వడం ఆనవాయితీ కాదు, ఎవరైనా పక్కింటివాళ్లు తవ్వాలి. మా తాత వినలేదు. పొద్దున్నే గడ్డపార, పార, తట్ట తీసుకుని ఒక్కడే పోయాడు. మేము పెట్టె మోసుకుని బొందల గడ్డకు చేరేసరికి అక్కడ రెండు బొందలు ఉన్నాయి. రెండూ పక్కపక్కన, మధ్యన మనిషి నడిచేంత చోటు. రెండూ తూర్పుకే. జనం పాట మధ్యలో ఆపేశారు. ముసలాయనకు మతి తప్పింది, కండ్లు మసకబారి ఒకటి తప్పు తవ్వి ఇంకోటి తవ్విండు అని ఆడవాళ్లు గొణిగారు.

చిన్నాయనను దించి, మట్టి వేసి, ప్రార్థన అయ్యాక తాత భుజం మీది గోగునార తాడు తీశాడు. మా నాయనను దగ్గరికి రమ్మన్నాడు. కొడుకు పోయిన తండ్రి పిలిస్తే రాననే కొడుకు ఉండడు కదా, నాయన వచ్చాడు. తాత ఆయన వెనక నిలబడి తల నుంచి మడమ దాకా తాడు వదిలి, ముడి దగ్గర వేలు పెట్టి అందరికీ చూపించాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సరిపోయింది" అన్నాడు తాత. "రెండోది నీకేరా. నువ్వు వాన్ని సంపుతవు, వాని తమ్ముడు నిన్ను సంపుతడు. ఇంగ నాతోని గాదు. రెక్కల్ల సత్తువున్నప్పుడే తవ్వి పెట్టిన."

ఆయన అనుకున్నది ఒకటి, అయ్యింది ఒకటి. మా నాయన ఆ గుంత వైపు చూసి, అంచున కాలితో మట్టి తన్ని, "మంచిపని చేసినవ్ నాయనా. ఇది నాకు గాదు, వానికి. వాన్ని తెచ్చి అండ్లనే పడేస్త" అన్నాడు. చుట్టూ ఉన్న మగవాళ్లలో ఒకరిద్దరు తల ఊపారు కూడా. తాత ముఖంలో నెత్తురు చుక్క లేదు. భయపెట్టి ఆపాలని తవ్విన బొంద కాస్తా పగకు గురుతుగా మిగిలిపోయింది.

ఆ తరువాత పది పన్నెండు రోజులు అది అలాగే నోరు తెరుచుకుని ఉంది. జనం గట్టు ఊరికి పోయే దారి మార్చుకున్నారు. ఒకామెకు జ్వరం వచ్చినా, ఒక మేక చచ్చినా ఆ గుంత పేరే. సంఘ పెద్దలు వచ్చి పూడ్చేయమని అడిగారు, తరువాత గదమాయించారు. తాత కదల్లేదు. "పూడిస్తే వాడు మర్సిపోతడు ఏం జేస్తున్నడో" అన్నాడు. రోజూ పొద్దున్నే పోయి, గాలికి రాలిన మట్టిని తీసి, అంచులు సరిచేసి వచ్చేవాడు. నాకు బడికి పోబుద్ధి కాక నీళ్ల చెంబు పట్టుకుని ఆయన వెంట పోయేదాన్ని. మా నాయన ఇంట్లో గొడ్డలి నూరుతూ ఉండేవాడు. ఆ చప్పుడు వినలేక కూడా పోయేదాన్ని.

ఒక పొద్దు తాతను అడిగాను, చిన్నాయన లేచేటప్పుడు తల అతుక్కుని ఉంటుందా అని. సండే స్కూల్లో చెప్పిన పరలోకం నాకు బాగా తెలుసు. అక్కడ ఏడుపు లేదు, చావు లేదు, కొత్త ఒళ్లు ఇస్తారు. మరి నేను చూసిన ఆ మెడ సంగతి ఎవరూ చెప్పలేదు. వేరే పెద్దవాళ్లయితే దేవుడు అంతా బాగు చేస్తాడు పో అని నెత్తి నిమిరేవాళ్లు. మా తాత పార పక్కన పెట్టి ఆలోచించాడు.

"తెల్వదు బిడ్డా" అన్నాడు. "ప్రభువు లేచినంక గూడ చేతులల్ల మేకుల గాయాలు అట్లనే ఉండె గదా. పోగొట్టుకోవాల్నంటే పోగొట్టుకోకపోవునా. గాయం ఉంటది, నొప్పి ఉండదు అని నేననుకుంట."

చిన్నాయన మట్టిదిబ్బ వైపు, అవతల తన చెల్లెలి సమాధి వైపు చూపించాడు. మన వాళ్లంతా ఇక్కడి నుంచే లేస్తారు, మీ మామ చచ్చినా ఇక్కడికే తెస్తారు, చేను గట్టున పక్కపక్కన ఉన్నవాళ్లే ఇక్కడా పక్కపక్కన ఉంటారు అన్నాడు. ఆ పొద్దున ఒకడు మెడ మీద గాటుతో, ఇంకొకడు మీ నాయన గొడ్డలి నెత్తి మీద పెట్టిన గాటుతో లేచి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే ఏమని పలకరించుకుంటారు అని నన్నే అడిగాడు. నాకు కోపం వచ్చింది. చచ్చినవాడు మా చిన్నాయన అయితే ఈయన చంపినవాడి పలకరింపు గురించి దిగులు పడుతున్నాడు అనిపించింది. ఆ కోపమే తరువాత పని చేసింది.

ఈస్టరుకు ముందు శనివారం మా వాళ్లంతా బొందల గడ్డకు పోయి ఎవరి సమాధులకు వాళ్లు సున్నం వేస్తారు, పూలు పెడతారు. మరునాడు పొద్దు పొడవకముందే కొవ్వొత్తులతో పాడుకుంటూ పోయి, సూర్యుడు వచ్చేదాకా అక్కడే ఉంటారు. ఆ శనివారం నేను సున్నం బకెట్ మోస్తున్నాను. పాస్టరయ్య వచ్చి తాతను పక్కకు పిలిచాడు. మామ కబురు పంపాడట. తెల్లవారి వచ్చి తన తల్లి సమాధి దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగించుకుని, అటు నుంచి అటే పాస్టరయ్య వెంట పోయి పోలీసులకు లొంగిపోతాడట. మీ కొడుకును ఆ పొద్దు ఇంట్లో ఆపగలరా అని పాస్టరయ్య అడిగాడు. తాత సరేనన్నాడు. నన్ను చూసి, ఈ మాట నీ కడుపులోనే ఉండాలె అన్నాడు.

నా కడుపులో ఉండలేదు. ఇంటికి పోయి మా నాయనకు చెప్పాను. నోరు జారి కాదు. ఎదురుగా కూర్చుని, మామ రేపు తెల్లారి వస్తడు, వాళ్లమ్మ బొంద కాడికి వస్తడు అని వివరంగా చెప్పాను. నాయన నన్ను దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. చిన్నాయన పోయాక ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదలు. ఆ ముద్దు కోసం నేను ఇంకో మనిషి ప్రాణం ఇచ్చాను, అదీ పండుగ ముందు రోజు.

తాత ఆపుతానన్నాడు గానీ, తాత లేచేసరికి నాయన పడక ఖాళీ. మేము పాడుకుంటూ బొందల గడ్డకు చేరాం. తూర్పున తెల్లరేఖ వచ్చింది, మనుషుల ముఖాలు ఆనవాలు కడుతున్నాయి. మామ తలకు తువ్వాల చుట్టుకుని, ఒంటరిగా తల్లి సమాధి ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. తంగేడు పొదల వెనక నుంచి మా నాయన లేచాడు.

మామకు చప్పుడు వినబడి తల తిప్పాడు కాబట్టి మొదటి వేటు మెడ తప్పి భుజం మీద పడింది. చొక్కా, కండ కలిసి తెగాయి. కొవ్వొత్తి పడిపోయింది. రెండో వేటుకు చెయ్యి అడ్డం పెడితే మోచేతి కింద చర్మం తోలు ఒలిచినట్టు వేలాడింది. మామ పారిపోలేదు. "కొట్టు బావా, కొట్టు" అంటూ అక్కడే కూర్చున్నాడు. ఆడవాళ్లు కేకలు పెట్టి పిల్లల కళ్లు మూశారు, మా అమ్మ నా కళ్లు మూయడం మరిచింది. చిన్నాయన చచ్చినప్పుడు లేని భయం నాకు అప్పుడు పట్టుకుంది. నేను అడిగిందే ఎదురుగా జరుగుతోంది, నాకు అది వద్దు.

తాత ఎలా వచ్చాడో తెలియదు, ఇద్దరి మధ్యలో ఉన్నాడు. నాయన చొక్కా రెండు చేతులా పట్టుకున్నాడు. గొడ్డలి లేచే ఉంది. ఇద్దరూ గింజుకుంటూ చిన్నాయన దిబ్బ దాటి ఆ ఖాళీ బొంద అంచుకు వచ్చారు. "ఇడువు నాయనా" అని మా నాయన తాత రొమ్ము మీద చెయ్యి పెట్టి బలంగా తోశాడు. తాత వెనక్కి పోయాడు. గుండె లోతు గుంతలోకి వెల్లకిలా పడ్డాడు. లోపల ఎముక విరిగిన చప్పుడు మా అందరికీ వినబడింది.

మా నాయన చేతిలో గొడ్డలి జారిపోయింది. అంచున మోకరిల్లి లోపలికి చూశాడు. తాత కళ్లు మూసుకుని ఉన్నాడు. తమ్ముడి కోసం పగపట్టిన మనిషి, కన్నతండ్రిని చంపుకున్నానని అనుకున్నాడు. ఆయన గొంతు నుంచి వచ్చిన ఆ అరుపు మనిషి అరుపులా లేదు. గుంతలోకి దూకి తాతను లేపబోయాడు. ఇరుకు గుంత, ఒక్కడి వల్ల కాదు. రాండ్రి, పట్టుండ్రి, దిగుండ్రి అని ఏడుస్తూ పైకి చూశాడు. ఎవరూ దిగలేదు. చుట్టూ అరవై డెబ్భై మంది ఉన్నారు, అందరూ ఆ బొంద పది రోజులుగా ఒకరిని అడుగుతోందని నమ్మినవాళ్లే. మా నాయన మిత్రులు, ఆ రోజు తల ఊపినవాళ్లు, ఒక అడుగు వెనక్కి వేశారు. అంతసేపూ ప్రభువు లేచాడని పాడినవాళ్లు, ఒక ముసలివాణ్ణి లేపడానికి నాలుగడుగుల గుంతలో దిగలేకపోయారు. నేను వాళ్లను తప్పు పట్టను, నేనూ దిగలేదు.

దిగినవాడు మామ. నెత్తురు కారే చెయ్యిని తువ్వాలతో బిగించుకుని, ఒక చేత్తో అంచు పట్టుకుని జారాడు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే ఊపిరి ఆడని చోటు అది. మా నాయన తాత తల వైపు, మామ కాళ్ల వైపు పట్టుకున్నారు. ఒకరి రొమ్ము ఒకరికి తగులుతోంది. ఆ క్షణంలో ఎవరు ఎవరి గొంతు పట్టుకున్నా చుట్టూ ఆపేవాడు లేడు. మామ నెత్తురు తాత తెల్ల పంచె మీద, మా నాయన ముఖం మీద పడుతోంది. మా నాయన దాన్ని తుడుచుకోలేదు. "ఎత్తు బావా" అన్నాడు. ఆ మాట నేను విన్నాను.

పైకి తెచ్చి పడుకోబెట్టాక తాత కళ్లు తెరిచాడు. "జర మెల్లగ. ఇంగా సావలే" అన్నాడు. ఎవరో ఏడుస్తూనే నవ్వారు. పాస్టరయ్య మామ చేతికి కట్టు కట్టి పోలీసుల దగ్గరికి తీసుకుపోయాడు. ఆ గాయం ఎవరు చేశారని అడిగితే పరుగులో కంచెకు తగిలిందని మామ చెప్పాడట. తాతను మంచం మీద మోసి, ఎడ్లబండి మీద వేసి, గద్వాలకు తీసుకుపోయారు. తుంటి విరిగింది. బండి కదిలేముందు ఆయన "ఇగ పూడ్చుండ్రి దాన్ని" అని మాత్రం చెప్పాడు.

తాత మళ్లీ నడవలేదు. ఆ తరువాత బతికిన ఏడేళ్లూ మా నాయన వీపు మీదే తిరిగాడు. చర్చికి, చేనుకు, పెరట్లోకి, ఎక్కడికైనా నాయన వంగితే తాత మెడ చుట్టూ చేతులు వేసేవాడు. మా నాయన మళ్లీ గొడ్డలి ముట్టలేదు. పొయ్యిలోకి కట్టెలు కూడా మా అమ్మే కొట్టుకునేది. కొన్నేళ్ల శిక్ష ముగించి మామ తిరిగి వచ్చినప్పుడు, ఇద్దరూ కావలించుకుని ఏడ్చారని చెబితే మీకు బాగుంటుంది. అలా ఏమీ జరగలేదు. మా నాయన ఆయనతో నాలుగు మాటల కంటే ఎక్కువ ఎప్పుడూ మాట్లాడలేదు. నీళ్ల వంతు మాత్రం ఒక్కరోజు తప్పలేదు. కరెంటు రాకపోతే, ఎవరి రోజు పోయిందో లెక్క చూసి మా నాయనే ఆయన చేనుకు నీళ్లు మళ్లించి వచ్చేవాడు. క్షమించాడా అంటే నాకు తెలియదు. నీళ్లు ఇచ్చాడు.

నాకు పదమూడేళ్లు వచ్చాక ఒక రోజు తట్టుకోలేక తాత దగ్గర కూర్చుని, ఆ రోజు నాయనకు చెప్పింది నేనేనని ఏడ్చాను. ఆయన నన్ను కొడతాడనుకున్నాను. ఎరుకే బిడ్డా అన్నాడు. అప్పుడు చుట్టూ ఎవరూ లేరని చూసుకుని నెమ్మదిగా చెప్పాడు.

"నీ తప్పు నువ్వు జెప్పినవ్, నాది నేను జెప్త. మీ నాయన తోసిండు, నిజమే. ఆ తోపుకు నేను పడేటోణ్ణి గాదు. నలభై ఏండ్లు బొందలు తవ్వినోనికి అంచు ఏడున్నదో కండ్లు మూసుకున్నా ఎరుకయితది. ఒక్క అడుగు నేనే ఎనుకకు ఏసిన."

నాకు కోపం ముంచుకొచ్చింది. మా నాయన మూడేళ్లుగా తన చేతులు చూసుకుని అన్నం ముందు ఏడవడం నేను చూస్తున్నాను. నాయనకు చెప్పు తాతా అన్నాను. చెప్పనన్నాడు, నన్నూ చెప్పొద్దన్నాడు. ఆ బరువు ఉన్నంతకాలం ఆ చెయ్యి లేవదన్నాడు. నువ్వు చచ్చిపోయాకైనా చెప్పొచ్చా అని మొండిగా అడిగాను. ఆయన "అప్పుడు గూడ వద్దు. అందరం లేస్తం గదా, ఆ పొద్దు జెప్పు. ఆడ నేను గూడ ఉంట, నన్ను తిట్టాల్నంటే తిడ్తడు" అన్నాడు. ఆయన పరిహాసం ఆడలేదు. రేపు సంతకు పోయినప్పుడు ఉప్పు తెమ్మని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

తాత పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా చర్చిలో సండే స్కూల్ నేనే చెబుతున్నాను, చిన్నపిల్లలు నన్ను పెద్దమ్మా అంటారు. రెండేళ్ల క్రితం మా నాయన మంచాన పడ్డాడు. ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం ఆయన చేతులు రెండూ దుప్పటి మీద పెట్టుకుని చూస్తూ, ఇవి మా నాయన తుంటి ఇరగ్గొట్టిన చేతులు అన్నాడు. నేను నోరు తెరిచాను. చెబుదామనే తెరిచాను, ఒక్క మాటతో ఆయన తేలిక పడిపోయేవాడు. అంతలో ఆయనే, "ఆ దినం మా నాయన పడకపోతే, నేను మనిషిని గాకుంట పోతుంటి" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. కొన్ని రాత్రులు తాత మీద, కొన్ని రాత్రులు నా మీద కోపం వస్తుంది.

పిల్లలు నన్ను పునరుత్థానం అంటే ఏమిటని అడుగుతారు. పుస్తకంలో ఉన్నది చెబుతాను, అదీ నిజమే, నేనూ నమ్ముతాను. నాకు మాత్రం అది ఒక పొద్దు. మా వాళ్లంతా ఎక్కడ పడుకున్నారో అక్కడే ఒళ్లు దులుపుకుని లేచే పొద్దు. గొప్ప సంగతులు ఏమున్నా తరువాత చూసుకుంటాను. ముందు మా నాయన దగ్గరికి పోయి, ఆయన చేతులు పట్టుకుని, తాత తానే పడ్డాడు నాయనా అని చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడానికైనా నేను లేవాలి.